బార

మా నాన్న దేశయ్య సముద్రాన్ని చేతులతో కొలిచేవాడు.
తాడు కొసన సీసపు గుండు,
గుండు అడుగున కాస్త మైనం.
రెండు చేతులూ బారజాపితే ఒక బార.
గుండు అడుగుకి తగిలాక పైకి లాగి
మైనానికి అంటినది వేలితో తీసి
నాలుక మీద పెట్టుకుని చెప్పేవాడు:
"గుల్ల ఇసక. ఇక్కడ వంజరం నిలవదు, పద."

ఎన్నూరుకి ఉత్తరాన, పొగగొట్టాలు దాటాక,
కొత్త హార్బరు కోసం సర్వే పడవ వచ్చిన ఏడు
ఆయన్నే పిలిచారు.
రోజుకి ఆరువందలు, మధ్యాహ్నం సాంబారన్నం పొట్లం.
మెషీను నీళ్లలోకి టిక్కు టిక్కుమని అరిచేది.
అడుగు తగిలి తిరిగొచ్చిన అరుపుని
అన్బళగన్ సారు అంకెల్లో రాసుకునేవాడు.
మెత్తటి బురద మీద మెషీను తడబడేది.
అప్పుడు సారు తలెత్తి, "అయ్యా, నీ తాడు?"

ఆ కాగితంలో, నా లెక్కకి, పదకొండు చోట్ల
మీటర్లయిపోయిన మా నాన్న భుజాలున్నాయి.

ఒక్కచోట అబద్ధమాడాడు.
తల్లిబండ దగ్గర.
నీళ్లకింద అర బార ఎత్తు రాతిదిబ్బ,
గాలి తిరిగిన నెలల్లో మా కుప్పానికి కూడు.
పక్క కుప్పంలో వియ్యంకుడికే చెప్పని గుట్టు
సర్వేవాడికి చెబుతాడా?
గుండు పైకొచ్చింది. మైనం నున్నగా, ఖాళీగా.
రాయి ఏమీ అంటనివ్వదు కదా.
సారు అటు తిరిగినప్పుడు
గోటికింద మిగిలిన బురద దానికి అద్ది
"ఇక్కడా బురదే సార్, ఒట్టి బురద" అన్నాడు.

రాయి అని ఉంటే గీత పక్కకి జరిగేదట.
రాయి కొట్టడం ఖర్చు. బురద చవక.
అందుకే ఓడల దారి
సరిగ్గా దాని మీదుగానే వేశారు.

డ్రెడ్జరు పళ్లు విరిగిన రోజు
పని మూడు రోజులు ఆగింది.
సారు ఫోను చేశాడు. నాన్న ఎత్తలేదు.
నాలుగో రోజు ఇంకా పెద్ద డ్రెడ్జరు వచ్చింది.
పన్ను పీకుతున్న చప్పుడు, రాత్రీ పగలూ,
ఇంట్లో గిన్నెలు కూడా సన్నగా మోగేవి.
ఆయన వలకి ముడులేస్తూ కూర్చున్నాడు.
అమ్మ ఒక్కమాటా అనలేదు.
అంటే బాగుండేది.

ఇప్పుడు నేను ఆ హార్బరులోనే,
మూడో అంతస్తు ఏసీ గదిలో,
ఏ ఓడ ఏ బెర్తుకి ఎన్నింటికో చెప్పే డెస్కు ముందు.
జీతం బాగుంది. చెల్లెలి నర్సింగు ఫీజు కట్టేశాను.
ఉత్తరాన మా వీధిలో రెండు వరసల ఇళ్లు అల తిన్నది,
ఆ రెండు మాటలూ ఒకే నోటితో అనాలి, అంటున్నాను.

మా ఊరంతటినీ నిలబెట్టి కొలిచినా చాలని ఓడ
మెల్లగా మలుపు తిరుగుతుంది.
దాని మీద పెట్టెలు, పెట్టెల మీద పెట్టెలు,
ఒక్కోదానికీ సీలు.
లోపల ఏముందో మోసే క్రేనుకి తెలీదు, నాకూ తెలీదు.
గుట్టు దాచడం మా ఇంటి విద్యే అనుకున్నాను ఇన్నాళ్లూ.

దారి లోతు పద్దెనిమిది మీటర్లు, అంటుంది స్క్రీను.
పది బారలు, అనుకుంటాను.
పైలట్లకి చెప్పేటప్పుడు మాత్రం మీటర్లే.

ఈసారి ఐప్పసి వానలు వెలిశాక సర్వే రిపోర్టు వచ్చింది.
తల్లిబండ ఉన్నచోట (వాళ్లకది ఒక నంబరు)
పూడిక, నలభై నాలుగు సెంటీమీటర్లు.
ఇంటికెళ్లి చెప్పాను.

నాన్న చేతులు చాపలేదు.
బొటనవేలూ చిటికెనవేలూ విప్పి
మంచం పట్టె మీద రెండు జానలు కొలిచాడు.
అక్కడే చెయ్యి ఉంచి చాలాసేపు చూశాడు.
తర్వాత అడిగాడు:
"ఏం మట్టి?"

నా స్క్రీనులో ఆ గడి లేదు.